రేడియేటర్‌లో ఎర్రనీళ్లు

మూడు గంటలకు పోలీసులు జవహర్‌ను కాలవ దగ్గరికి తీసుకెళ్తారు. హత్య చేసిన ఇనుప రాడ్ ఎక్కడ పారేశాడో చూపించడానికట. నేను బస్సు దిగీ దిగగానే అతని భార్య జమున ఆ మాట చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. రెండు రోజులు ఏడ్చి ఏడ్చి ఇక వణుకు మాత్రమే మిగిలింది ఆమెకు.

"అట్ల సూపెట్టనీకి తీస్కపోయినోళ్లు మళ్ల ఇంటికి రారంటరు. నిజమేనా సార్?" అని అడిగింది.

అది 1992 సెప్టెంబరు. ఆ రోజుల్లో మా వైపు ఆ ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు, పైకి ఎవరూ చెప్పరు. 'పారిపోబోతే కాల్చాం' అని మర్నాడు పేపర్లో వస్తుంది. గడియారం చూసుకున్నాను. పన్నెండూ పది.

నా పేరు సత్యానందం. ఇరవై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో ఇంజన్ల కింద పడుకుని బతికాను. తర్వాత సూర్యాపేట బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని 'ప్రైవేటు పరిశోధన' అని బోర్డు కట్టాను. బోర్డు చూసినవాళ్లు నన్ను మహా గుండెదిటవు గలవాడిని అనుకుంటారు. నా గుండె సంగతి నాకు తెలుసు. పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాలంటే ఇప్పటికీ ముందు రెండుసార్లు వీధి చివరిదాకా నడిచి వస్తాను. ఆ రోజు నేను ఎక్కాల్సిన స్టేషన్ హుజూర్‌నగర్‌కూ కోదాడకూ మధ్య ఒక పక్క రోడ్డు మీద ఉంది. దాని పేరు రాయను. రాస్తే ఇప్పటికీ భయమే.

కేసు క్లుప్తంగా ఇది. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే జైరాం సేటు మంగళవారం పొద్దున పదిన్నరకు తన అంబాసిడర్‌లో కోదాడ బయలుదేరాడు. బండి తోలింది జవహర్. ఎనిమిదేళ్లుగా సేటు దగ్గరే డ్రైవరు, జమునకు భర్త. హుజూర్‌నగర్ దాటాక, సాగర్ కాలవ పక్కన, మనిషి అలికిడి లేని చోట బండి ఆగింది. ఇంజన్ హీటెక్కి ఆగిందనీ, తాను డబ్బా పట్టుకుని నీళ్లకు పోయి వచ్చేసరికి వెనక సీట్లో సేటు తల పగిలి చచ్చి ఉన్నాడనీ జవహర్ చెబుతున్నాడు. హీటెక్కడం ఒట్టి కట్టుకథ, బండి కావాలని ఆపి వీడే చంపాడని పోలీసులు అంటున్నారు. బండి నిజంగా హీటెక్కిందా, లేదా? నేను తేల్చాల్సింది అదే, అదీ మూడింటి లోపల.

జమునను మిల్లు జీపులో తీసుకొచ్చినవాడు చంద్రమౌళి. సేటుకు మిల్లులో భాగస్వామి. తెల్ల ఖద్దరు చొక్కా, నుదుటి మీద విభూతి, మాట మహా మెత్తన. కోదాడ వైపు మనిషి.

"జవహర్ మా ఇంట్లో మనిషి లాంటోడండీ సత్యానందం గారూ. సేటు ఎట్లాగూ పోయాడు. కనీసం వీణ్ణన్నా కాపాడుకోవాలి" అన్నాడు.

"మంగళవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"మిల్లులోనే. బాయిలర్ రిపేరు పెట్టుకున్నాం. భోజనానికి కూడా కదల్లేదు."

"బండి బయలుదేరేటప్పుడు చూశారా?"

"గేటు దాకా వచ్చి నేనే పంపించాను. బ్రహ్మాండంగా ఉందండీ బండి."

అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగాను. అతను నొచ్చుకోలేదు. జమునకు సోడా తెప్పించి ఇచ్చాడు కూడా. మంచి మనిషే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇన్‌స్పెక్టర్ పెంటయ్యకు నేనంటే పడదు. రెండేళ్ల కింద ఒక లారీ కేసులో బ్రేకు పైపు తెగిందని ఆయన రాస్తే, తెగలేదు, ఎవరో కోశారని నేను కోర్టులో నిరూపించాను. ఆ రోజు జడ్జిగారి ముందు ఆయన ముఖం ఎట్లా మారిందో నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుంది.

"వచ్చినవా ఇంజన్ డాక్టర్?" అన్నాడు కుర్చీలోంచి లేవకుండా.

"బండి జర చూడాలె సార్. వకీలు కాగితం తెచ్చిన."

"సూస్కో. మేం సూడలేదనుకుంటున్నవా? రేడియేటర్ నిండ నీళ్లున్నయ్. మా కానిస్టేబుల్ స్పాట్ కాడ్నుంచి ఈడిదాంక తోలుకొచ్చిండు. రెండు కిలోమీటర్లు. యాడ ఆగలే, పొగ రాలే. హీటెక్కిందంట, హీటు!"

"నీళ్ల రంగు చూసిండ్రా?"

"ఎర్రగున్నయ్. పాత బండి, తుప్పు. గని గీ అంగి మీద ఉన్నది తుప్పు గాదు." ఆయన బల్ల మీద ఉన్న కాగితం పొట్లం విప్పాడు. లోపల జవహర్ ఖాకీ చొక్కా. ఎదురు రొమ్ము మీద పెద్ద ఎర్రమరక, చేతుల అంచున చిన్న చిన్న మరకలు. "నెత్తురు. జైరాం సేటు నెత్తురు. ఇంకేం గావాలె నీకు?"

"మూడింటికి తీస్కపోయేటప్పుడు నేను గూడ రావచ్చా సార్?"

పెంటయ్య తల ఎత్తి నా వంక చూశాడు.

"నువ్వెందుకు?"

ఎందుకో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వకీలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"రెండున్నర దాంక టైము. పో" అన్నాడు.

లాకప్‌లో జవహర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడ్డాడు. ఊచల దగ్గర గొంతుక్కూర్చుని గబగబా అడిగాను.

"రేడియేటర్ కారుతుండెనా?"

"కారుతుండె సార్. సన్నగ, చుక్క చుక్క."

"ఏం చేసినవ్?"

"సోమారం పొద్దుమీకి పసుపు ఏసిన. రెండు పిడికిళ్లు. అందరం గదే చేస్తం గద."

అందరూ అదే చేస్తారు. రేడియేటర్ కారితే మా వైపు డ్రైవర్లు మెకానిక్ దగ్గరికి పోరు, కిరాణా కొట్టుకు పోతారు. పసుపు నీళ్లలో తిరిగి తిరిగి ఆ చిన్న చిల్లు దగ్గర పేరుకుని మూసేస్తుంది. వారం పదిరోజులు గడిచిపోతుంది.

"మంగళారం పొద్దున మూత తీసి చూసినవా?"

"రోజు చూస్త సార్. ఏడింటికి చూసిన. నీళ్లు పచ్చగ ఉండె."

"బయలెల్లింది పదిన్నరకు. ఏడింటికీ పదిన్నరకూ నడుమ మూత మళ్ల తీసిండ్రా ఎవరన్న?"

జవహర్ నేల వంక చూశాడు. బయట కానిస్టేబుల్ బూట్ల చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"లేదు సార్."

ఆ 'లేదు' రావలసిన దానికంటే ఆలస్యంగా వచ్చింది. కానీ నాకు టైము లేదు. ముందుకు పోయాను.

"హీటు ముల్లు ఎప్పుడు ఎక్కింది?"

"హుజూర్‌నగర్ దాటినంక. పావు తక్కువ పన్నెండుకు పొగ లేచింది, ఆపిన. సేటు లోపల్నే కూసుంటనన్నడు. డబ్బా పట్టుకుని కాలవకు దిగిన. దిగుతుంటే ఎనక మోటర్‌సైకిల్ ఆగిన సప్పుడు ఇన్న. ఎవరో సాయం చేయనీకి ఆగిండ్రనుకున్న. పావుగంటల వచ్చిన. గుడ్డ పట్టుకుని మూత తిప్పంగనే మసిలే నీళ్లు ఎగిరి రొమ్ము మీద పడ్డయ్. ఎర్రగ ఉన్నయ్ సార్. నాకు భయమైంది. నీళ్లు పోసి, సేటు నిద్రపోయిండని లేపబోయిన." అతను రెండు అరచేతులూ ముందుకు చాపాడు. "లేపితే తల నా చేతుల్లకు ఒరిగింది."

పచ్చటి నీళ్లు అయిదు గంటల్లోపల ఎర్రటి నీళ్లయ్యాయి. నేను లేచి బండి వైపు నడిచాను.

అంబాసిడర్ స్టేషన్ వెనక ఆవరణలో ఉంది. కోదాడ నుంచి నేను రమ్మన్న మెకానిక్ బీరన్న అప్పటికే బానెట్ ఎత్తి నిలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి. నోట్లో ఆకు వక్క ఉంటే తప్ప పానా పట్టుకోడు.

"స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు ఉంచుదాం" అన్నాను. "రెండు కిలోమీటర్లకు ఏ బండి హీటెక్కదు."

ఇంజన్ నడుస్తుంటే మేం నిలబడ్డాం. పెంటయ్య కూడా వరండాలోకి వచ్చి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పన్నెండో నిమిషానికి ముల్లు సగం దాటింది. పదిహేడుకి ఎర్రగీత అంచుకు వచ్చింది. బీరన్న రేడియేటర్ పైభాగం మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కింది భాగం మీద పెట్టి అట్లాగే ఉంచాడు.

"పైన నిప్పు. కింద సల్లటి కుండ" అన్నాడు. "నీళ్లు కిందికి దిగుతలేవు. నడుమ ఏందో అడ్డం పడ్డది."

పెంటయ్య వరండా దిగి వచ్చి తానూ పట్టి చూశాడు.

ఇంజన్ చల్లారాక అడుగున ఉన్న కుళాయి తిప్పాం. రేడియేటర్ నిండా నీళ్లున్నా చుక్క రాలేదు. బీరన్న కింది రబ్బరు పైపు ఊడదీస్తే సన్నటి ధార కారింది. ఎర్రగా, చిక్కగా. జమున వెనకనుంచి "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరికైనా నెత్తురే గుర్తొచ్చే రంగు అది.

ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి గోడ మీద పెట్టాను.

"తుప్పయితే అడుగుకు దిగాలి, పైన నీళ్లు తేరుకోవాలి. ఇంజన్ ఆయిల్ కలిస్తే మజ్జిగ లెక్క తెల్లగ ఉండాలి. పది నిమిషాలు చూడండి సార్."

పది నిమిషాలకు అడుగున కొంచెం మడ్డి దిగింది. పైన నీళ్లు మాత్రం అదే ఎరుపు. ఇంజన్ చల్లారేలోపు ఎదుటి కొట్టులో కొని జేబులో వేసుకున్న నిమ్మకాయ తీసి, కోసి పిండాను. నాలుగు చుక్కలు పడగానే గ్లాసులో ఎరుపు విరిగి పసుపుపచ్చగా మారిపోయింది. కానిస్టేబుల్ ఒకడు "అరె!" అని దగ్గరికి వచ్చాడు.

"ఇది పసుపు" అన్నాను. "పసుపుల సున్నం కలిస్తే ఎర్రగైతది. దిష్టి తీసే నీళ్లు ఎట్ల చేస్తరో మీ ఇంట్లో అడగండి. పులుపు తగిలితే మళ్ల పచ్చగైతది."

"ఓస్, గంతేనా!" పెంటయ్య నవ్వాడు. "మన బోరు నీళ్ల నిండ సున్నమే. వాడు పసుపు ఏసిండు, బోరు నీళ్లు పోసిండు, ఎర్రగైంది. గీనికి ఇంత తమాషా చేస్తవా?"

నేను నోరు తెరిచేలోపు జమున మాట్లాడింది. ఇన్‌స్పెక్టర్ ముందు మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను.

"రోజు బోరు నీళ్లతోనే పప్పు వండుత సారూ. ఎన్నడు ఎర్రగ కాలే."

ఒక కానిస్టేబుల్ కిసుక్కున నవ్వి, పెంటయ్య చూపు తగిలి ఆపేశాడు. నేను స్టేషన్ బోరు నీళ్లు గ్లాసులో పట్టించి అదే కొట్టులో కొన్న పసుపు చిటికెడు వేసి జమున చేతికిచ్చాను. పచ్చగానే ఉంది. ఆవరణలో ప్రహరీ గోడ కడుతున్నారు, మూలన సిమెంటు బస్తా విప్పి ఉంది. చిటికెడు తెచ్చి గ్లాసులో వేశాను. జమున చేతిలోనే, ఆమె కళ్ల ముందే, నీళ్లు ఎర్రబడ్డాయి.

"సిమెంటుల ఉన్న సున్నం అది" అన్నాను.

అప్పటికి బీరన్న రేడియేటర్ విప్పి అడుగు తొట్టెలోంచి ఒక గడ్డ ఊడబెరికాడు. అరచేతిలో పెట్టి సుత్తితో కొడితే ఠంగుమంది. సున్నమైతే పిండిలా రాలేది. ఇది రాయి. గడ్డ చుట్టూ ఇంకా గట్టిపడని బూడిదరంగు ముద్ద ఉంది, అందులో నల్లటి నలకలు. బీరన్న వేళ్లతో నలిపాడు.

"ఉత్త సిమెంటు గాదిది. ఊక బూడిద కలిపిండ్రు. రైస్ మిల్లు బాయిలర్ల మిగిలే బూడిద. సిమెంటు వాసన, రంగు తెలియకుంట."

ఆ ముద్దను అందరికీ చూపించాను. జమునకు కూడా చూపించాను. ఆమె వంగి, వేలితో తాకి, చాలాసేపు అట్లాగే చూసింది. తర్వాత గ్లాసు గోడ మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, జీపు ఉన్న వైపు నడిచింది. భయపడిందనుకున్నాను. ఆమెను వెనక్కి పిలవాలని నాకు తోచలేదు.

నా కళ్లు పెంటయ్య మీదే ఉన్నాయి. "అంగి మీద ఒక్క చుక్క నిమ్మరసం వెయ్యనియ్యండి సార్."

"సాక్ష్యం అది. హైదరాబాద్ ల్యాబ్‌కు పోవాలె."

"ఒక్క చుక్క. రొమ్ము మీద ఒకటి, చేతుల అంచుకు ఒకటి."

ఆయన పళ్లు కొరుక్కున్నాడు. కానీ చొక్కా తెప్పించాడు. ఆ సంగతి నేను ఒప్పుకోవాలి. మొండివాడే గానీ అబద్ధం తెలిసి రాసేవాడు కాదు. రొమ్ము మీది మరక చుక్క పడ్డంత మేర పచ్చబడింది. చేతుల అంచున మరక మారలేదు.

"అంచున ఉన్నది నెత్తురే. సేటు తల చేతుల్లకు ఒరిగింది గనక. రొమ్ము మీదిది రేడియేటర్ నీళ్లు. జవహర్ చెప్పింది చెప్పినట్టు నిజం. బండి హీటెక్కింది."

గడియారం రెండూ ఇరవై. నేను గెలిచాననుకున్నాను. నా జన్మలో అంత తొందరపాటు ఇంకెప్పుడూ పడలేదు.

పెంటయ్య చొక్కా మడిచి పొట్లంలో పెట్టాడు. తీరిగ్గా దారం చుట్టాడు.

"మంచిది. బండి హీటెక్కింది. సిమెంటు పోసిండ్రు కాబట్టి హీటెక్కింది. ఒప్పుకుంటున్న. ఇగ చెప్పు. మూత తీసి పోసింది ఎవరు?"

నేను లాకప్ వైపు చూశాను.

"బండి తాళం వానికాడ. రోజు మూత తీసేది వాడు. వేరేటోళ్లు ఎవరన్న తీసిండ్రా అంటే లేదని వాడే నీతోని చెప్పిండు. మా కానిస్టేబుల్ ఇన్నడు." ఆయన లేచి నిలబడ్డాడు. "ఇందాంక కోపంల కొట్టిండనుకున్న. ఇప్పుడు తెలిసింది, పొద్దుగాలనే సిమెంటు పోసి, యాడ ఆగాల్నో లెక్క చూసుకుని సంపిండు. నువ్వే రుజువు చేసినవ్ సత్యానందం. మూడింటికి తీస్కపోతున్న."

జవహర్‌ను కాపాడటానికని వచ్చి, రెండు గంటలు కష్టపడి, నా చేతులతో నేనే వాడి గొంతుకు ఉరి బిగించాను.

లాకప్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను.

"జవహర్! ఆ సిమెంటు ఎవరు పోసిండ్రు? పది నిమిషాలే ఉంది. చెప్పకుంటే సస్తవ్."

అతను తల ఊపాడు. చెప్పనని. ఒంటికన్నుతో నా వంక చూస్తూనే ఉన్నాడు, కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"నువ్వే పోసినవా?"

"పోసిన" అన్నాడు చివరికి.

నేను ఊచలకు ఇంకా దగ్గరగా జరిగాను.

"సిమెంటని తెల్వదు సార్. పిల్లల మీద ఒట్టు. లీకు మందన్నడు. పసుపు ఉట్టిదే, ఇది విజయవాడ నుంచి తెప్పించిన అసలు మందు, ఏస్తే మళ్ల జన్మల కారదన్నడు. తొమ్మిదింటికి ఏసిన. ఎవరికన్న చెప్తే జమునను లోపలేస్తరని చెప్పలే."

"జమునను ఎందుకేస్తరు?"

"పొట్లం తెచ్చిచ్చింది జమున. చంద్రమౌళి సేటు ఆమె చేతికిచ్చి పంపిండు. గది సిమెంటని ఆమెకు గూడ తెల్వదు."

బయట ఎండ మండుతోంది. కాలవ దగ్గర ఆగిన మోటర్‌సైకిల్ ఎవరిదో, సేటు పోతే మిల్లంతా ఎవరిదవుతుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పొడి రంగు ఈ లోకంలో ముగ్గురికి తెలుసు. ఇచ్చినవాడికి, పోసినవాడికి, మోసినదానికి. మోసినదాని వేలికి ఇందాక నేనే మళ్లీ ఆ ముద్ద తాకించాను.

"జమునా!" అని అరుస్తూ బయటికి వచ్చాను.

గేటు పక్క చింతచెట్టు కింద నిలిపిన మిల్లు జీపు లేదు. గేటు దగ్గర కానిస్టేబుల్ బీడీ పారేసి నిలబడ్డాడు.

"ఇప్పుడే పోయిండ్రు సార్, పావుగంటైంది. ఆయమ్మ సేటు కాడికొచ్చి, 'లోపల దొరికిన పొడి మీరిచ్చిన మందు లెక్కనే ఉంది సేటూ, గది ఇన్‌స్పెక్టర్ సార్‌కు చెప్పుదమా' అన్నది. చెప్పుదం గని ముందుగాల పెన్‌పహాడ్ పోయి మీ అయ్యను తోలుకొద్దమని ఆయన జీపెక్కించుకున్నడు."

"పెన్‌పహాడ్ దిక్కే పోయిండ్రా?"

కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "లేదు సార్. కాలవ కట్ట మీదికి ఎక్కిండ్రు."

నా వెనక పెంటయ్య నిలబడి ఉన్నాడు. లాకప్ దగ్గర అన్నదంతా విన్నాడో, ఈ మాటలే విన్నాడో తెలియదు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ ముఖంలో భయం చూడటం నాకు అదే మొదలు. నా భయం ఇంకా పెరిగింది.

"జీపేది?" అన్నాడు.

"బందోబస్తుకు పోయింది సార్. మూడింటికి వస్తది."

"వైర్‌లెస్ సెట్‌ల మెసేజ్ పెట్టుర్రి! కాలవ రెండు దిక్కుల ఆపుర్రి!" ఆయన రోడ్డు మీదికి పరుగెత్తాడు. కనుచూపు మేరలో గడ్డి వేసుకుని వస్తున్న ఎడ్లబండి ఒక్కటే ఉంది. ఆవరణలో ఉన్న మోటారు బండి ఒక్కటే. రేడియేటర్ విప్పి నేల మీద పడేసిన అంబాసిడర్.

నేను బీరన్న వంక చూశాను. ఆయన అప్పటికే రేడియేటర్ ఎత్తి బండిలో పెడుతున్నాడు.

"నాలుగు బోల్టులు బిగిస్త. గడ్డ సగమే ఊడింది, తక్కినదంత లోపల్నే ఉంది. పైనుంచి నీళ్లు పోసుకుంట పోవాలె. ఎనిమిది కిలోమీటర్లు పోతది. ఆ మీద ఇంజన్ పట్టుకుంటది. ఎవ్వడు తోలినా గంతే."

లోపలినుంచి కేక వినిపించింది. జవహర్ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఇందాక లేవలేనివాడు.

"నేను తోల్త సార్! ఆ బండి సంగతి నాకెరుక! నేను తోల్త!"

పెంటయ్య ఒక్క క్షణం ఆగాడు. హత్య కేసులో ముద్దాయిని లాకప్ నుంచి తీసి, చచ్చినవాడి కారు స్టీరింగు ముందు కూర్చోబెట్టడం అంటే ఏమిటో ఆయనకు తెలియంది కాదు. నడుము నుంచి తాళాల గుత్తి తీశాడు. జవహర్ కుడిచేతి బేడీ విప్పాడు. ఎడమ చేతికి అది అట్లాగే వేలాడుతూ ఉండిపోయింది, విప్పే తీరిక లేదు.

బానెట్ పీకి పారేశాం. రేడియేటర్ మూత పెట్టలేదు. బీరన్న ముందు మడ్‌గార్డు మీద బిందె పట్టుకుని కూర్చున్నాడు. నేనూ పెంటయ్యా వెనక, సేటు చచ్చిన సీటు మీదే. నిన్నటి వానకు కట్ట బురదగా ఉంది. జీపు టైర్ల జాడ పచ్చిగా కనిపిస్తోంది. ఎడమ పక్కన కాలవ నిండుగా, వేగంగా పోతోంది.

జవహర్ తొందరపడలేదు. నాకు పిచ్చెక్కేంత నిదానంగా గేరు మార్చాడు. ఎక్కడ పల్లం వస్తే అక్కడ ఇంజన్ ఆపేసి జారనిచ్చాడు. మూడో కిలోమీటరుకు ముల్లు సగం, అయిదుకు ముప్పాతిక. ఆవిరి ముఖాల మీదికి కొడుతోంది, బీరన్న నీళ్లు పోస్తూనే ఉన్నాడు, పోసినవి పోసినట్టే ఎర్రగా పొంగి బయటికి వస్తున్నాయి. ఏడుకు ముల్లు ఎర్రగీత దాటింది. ఎనిమిది దాటాం. ఇంజన్ లోపల ఇనుము ఇనుమును రాచుకునే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

తొమ్మిదో రాయి దగ్గర బండి ఒక్కసారి అదిరి ఆగిపోయింది.

మూడు వందల గజాల ముందు, కట్ట మలుపులో జీపు నిలబడి ఉంది. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి.

నేను తలుపు తీసేలోపే జవహర్ దూకేశాడు. వాచిన కాళ్లతో, ఎడమ చేతికి బేడీ ఊగుతుండగా కట్ట వెంట పరుగెత్తాడు. పెంటయ్య దిగి నాలుగడుగులు వేసి పిస్తోలు తీశాడు. ముందు పరుగెత్తే ముద్దాయి, వెనక పిస్తోలు పట్టుకున్న ఇన్‌స్పెక్టర్, పక్కన కాలవ. బస్సు దిగగానే జమున నన్ను అడిగింది దీని గురించే. నేను పెంటయ్య చెయ్యి పట్టుకున్నాను. అంత పని ఎట్లా చేశానో నాకు తెలియదు.

"ఇడువు!" అని నన్ను తోసేసి ఆయన పిస్తోలు ఆకాశంలోకి పేల్చాడు. కొంగలు లేచాయి. జవహర్ ఆగలేదు, తల కూడా తిప్పలేదు.

జీపు వెనకనుంచి చంద్రమౌళి బయటికి వచ్చాడు. తెల్లచొక్కా నలగలేదు. ఎడమ చేత్తో జమున జడ మణికట్టుకు చుట్టుకుని ఉన్నాడు. ఆమె రెండు కాళ్లూ కట్ట అంచున ఉన్నాయి, మడమల కింద మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్నాయి.

అతను అరవలేదు. ఆ మెత్తటి గొంతుతోనే, "అక్కడే ఉండు జవహర్" అన్నాడు.

తుపాకీ చప్పుడుకు ఆగని జవహర్ ఆ మాటకు నిలబడిపోయాడు.